ప్రొడక్షన్‌కి మూడు కాపీలు, అమ్మమ్మకి ఒక్కటీ లేదు

మొన్నామధ్య మా ఆఫీసులో ఓ టెస్ట్ డేటాబేస్ ఎగిరిపోయింది. అందులో ఉన్నవన్నీ ఉత్తుత్తి పేర్లు, ఉత్తుత్తి అడ్రసులు. అయినా సరే, రాత్రి పదకొండింటికి పదిమందిమి కాల్‌లో కూర్చుని, బ్యాకప్ లోంచి లాగి, తెల్లారేసరికి నిలబెట్టాం. మెచ్చుకుంటూ మెయిల్ కూడా వచ్చింది.

ఆ వారాంతమే ఊరెళ్ళా. అటక మీద ట్రంకు పెట్టెలో అమ్మానాన్నల పెళ్ళి ఆల్బం దొరికింది. ప్లాస్టిక్ పొర ఎత్తి ఫోటో అంటించే జిగురు ఆల్బం. తొంభైల్లో ఎవరింట్లో చూసినా అదే కదా. జిగురు పసుపెక్కి బిగుసుకుపోయింది. పొర లాగితే, తాళి కట్టే ఫోటోలో నాన్న ముఖం సగం దాంతోపాటే ఊడొచ్చింది. దీనికి బ్యాకప్పూ లేదు, కాల్‌లో కూర్చునే నాథుడూ లేడు.

ఇదేంటని అడిగితే మన ఐటీ జనం చెప్పే కబుర్లు ఇవీ:

"అన్నీ గూగుల్ ఫొటోస్‌లో ఉన్నాయి." అయ్యా, సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఇది మీకు నేను చెప్పాలా? ఫోన్లో ఆ యాప్ లోంచి చెరిపితే అక్కడా చెరుగుతుంది, చెత్తబుట్టలో 60 రోజులుండి మాయమవుతుంది. అపరిమితంగా ఉచితం అన్న ముచ్చట 2021 జూన్ 1తోనే ముగిసింది. రెండేళ్ళు ముట్టుకోని ఖాతాల్ని తీసేస్తామని 2023లో వాళ్ళే ప్రకటించారు. ఇంతకీ, మీ నాన్నగారి పాస్‌వర్డ్ మీకు తెలుసా?

"ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాం." మామూలుగా పంపితే అది ఫోటోని నలిపి చిన్నది చేసి, తీసిన తేదీ వివరాలు కూడా పీకేస్తుంది. కనీసం డాక్యుమెంటుగా పంపండి.

"లామినేషన్ చేయించాం." వేడి చేసి అంటించాక మళ్ళీ విప్పలేరు. రోల్‌బ్యాక్ లేని డిప్లాయ్‌మెంట్ అన్నమాట.

"ఏఐ చూసుకుంటుంది." ఒకే ముఖమున్న ఫోటోల్ని ఒకచోట చేరుస్తుంది, నిజమే. ఆ ముఖం పేరు ఎవరో ఒకరు చెప్పాలిగా? ఇక రంగులద్దే యాప్ వేసిన చీర రంగు దాని ఊహే తప్ప మీ నానమ్మ కట్టింది కాదు.

నిజానికి కావాల్సిన సరంజామా చాలా తక్కువ. జిగురు ఆల్బంలో ఫోటో కింద డెంటల్ ఫ్లాస్ మెల్లగా రంపంలా ఆడిస్తే చాలావరకు ఊడొస్తుంది. రాకపోతే లాగొద్దు, పేజీ పేజీగా స్కాన్ చేసెయ్యండి. 600 డీపీఐలో చేస్తే 4x6 ఫోటోకి 2400 x 3600 పిక్సెళ్ళు వస్తాయి. దాచడానికి ఆసిడ్ లేని కాగితపు కవర్లు, లేదంటే పాలీప్రొపిలీన్‌వి కొనండి. పీవీసీవి వద్దు. కవరు మీద పేర్లు రాశాకే ఫోటో లోపల పెట్టాలి. పాత ఫోటో వెనక అయితే మెత్తటి పెన్సిల్‌తో, బాల్ పెన్ను వద్దు. స్కాన్ చేసిన ఫైల్ లోపలే పేర్లు రాయడానికి డిజికామ్ ఉచితంగా దొరుకుతుంది. తర్వాత మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి వేరే ఊళ్ళో. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ఇళ్ళు మునిగాయి. ఆల్బం, హార్డ్ డిస్కు ఒకే బీరువాలో ఉంటే రెండూ కలిసే మునుగుతాయి.

అయితే నా అసలు కోపం కాగితం గురించి కాదు. అదే పెట్టెలో అమ్మమ్మ వైపు వాళ్ళ గ్రూప్ ఫోటో ఒకటుంది, నలుపు తెలుపుది, పదకొండు మంది. అమ్మమ్మ వేలు పెట్టి చూపిస్తూ పది పేర్లు గడగడా చెప్పింది. చివర్లో చంటిపిల్లనెత్తుకున్న ఆవిడ దగ్గర ఆగిపోయింది. "ఈవిడెవరో మా అక్కనడగాలిరా" అంది. ఆ అక్క పోయి మూడేళ్ళయింది. ఆ మాట తనకే గుర్తొచ్చి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టేసింది.

ఫోటో చిరిగినా సగమైనా మిగులుతుంది. పేరు అలా కాదు. మిగతా పది పేర్లూ ఉన్నది కూడా ఒకే ఒక్క సర్వర్‌లో. దాని వయసు 84, మోకాళ్ళ నొప్పులు, రెప్లికా లేదు. ఆఫీసులో ఇలాంటి డిజైన్ చూపిస్తే మనమే నవ్విపోస్తాం.

టైం లేదంటారా? ఉత్తుత్తి పేర్ల కోసం రాత్రంతా కూర్చున్నాం కదండీ! స్కానర్ వచ్చే నెల కొనుక్కోవచ్చు. ఈ ఆదివారం మాత్రం పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, ఫోన్లో రికార్డింగ్ నొక్కి, "ఇదెవరు?" అని అడగండి. ఆ ఒక్కటీ వాయిదా వెయ్యకండి.