కొట్టు మనదైతే తాళంచెవీ మన దగ్గరే ఉండాలి

కల్లంలో ఎండబెట్టిన మిర్చిని బస్తాలకెత్తి ఎనుమాముల మార్కెట్‌కు తోలితే అక్కడ ధర చెప్పేది మనం కాదు. తేమ ఉందంటారు, తాలు ఉందంటారు, రంగు తగ్గిందంటారు. అదే కాయ కారంపొడై, పొట్లమై హైదరాబాద్ దుకాణానికి చేరితే ధర ముందే అచ్చయి ఉంటుంది. కొనేవాళ్లు బేరమాడరు. ఈ తేడా పెద్దవంగర మండల రైతుకు ఎవరూ చెప్పనక్కర లేదు. అందుకే మన పిల్లలు అడుగుతున్నారు: మనమే ఒక వెబ్‌సైట్ పెట్టి అమ్ముకోలేమా అని.

అమ్ముకోవచ్చు. అయితే ఒక షరతు. ఆ కొట్టు పేరు, దాని తాళంచెవి, డబ్బు పడే ఖాతా, ఈ మూడూ రైతుల సంఘం చేతిలోనే ఉండాలి. లేకపోతే పాత దళారి పోయి కొత్త దళారి వస్తాడు, అంతే.

ముందు ఏ సరుకు అమ్మాలో తేల్చుకుందాం. వడ్లు, పత్తి వెబ్‌సైట్‌లో పోయే సరుకు కాదు. వాటికి కావలసింది మద్దతు ధర, సకాలంలో తెరిచే కొనుగోలు కేంద్రం. కారం, పసుపు, కందిపప్పు, దంపుడు బియ్యం, మామిడి లాంటివి మాత్రం తినేవాళ్ల ఇంటికి నేరుగా పంపొచ్చు.

పేరు విలువ ఎంతో చూడాలంటే దూరం పోనక్కర లేదు. 2025లో వరంగల్ చపాట మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికి దరఖాస్తు పెట్టింది ఏ షావుకారో కాదు, దుగ్గొండి మండలం తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ. మన జిల్లాలోని మల్యాల ఉద్యాన పరిశోధన స్థానం తోడ్పడింది. రైతులు కలిసి నిలబడ్డారు కాబట్టే ఆ పేరు రైతుల పరమైంది. వెబ్‌సైట్ పేరు కూడా అలాంటి ఆస్తే.

ఆ పేరును డొమైన్ అంటారు. ఏటా కొంత రుసుము కట్టి నమోదు చేసుకోవాలి. చివర డాట్ ఇన్ అని పెట్టుకోవచ్చు, తెలుగులోనే డాట్ భారత్ అని కూడా తీసుకోవచ్చు. సైట్ కట్టిచ్చే కుర్రాడు తన పేరు మీద, తన ఈమెయిల్‌తో నమోదు చేశాడంటే రేపు అతను ఫోన్ ఎత్తకపోతే మన కొట్టు మూతపడినట్టే. అందుకే సంఘం పేరు మీదే నమోదు చేయించాలి. పాస్‌వర్డ్ ఇద్దరు బాధ్యుల దగ్గర ఉండాలి. గడువు తేదీని తీర్మానాల పుస్తకంలో రాసుకోవాలి.

సైట్‌లో హంగులు అక్కర లేదు. సంఘం పేరు, చిరునామా, ఫోన్ నంబరు, సరుకు ఫొటో, బరువు, ధర, పార్సిల్ ఖర్చు, ఎన్ని రోజుల్లో చేరుతుంది, పాడైతే ఏం చేస్తాం అన్నవి స్పష్టంగా ఉంటే చాలు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు చూసే మనిషి వివరాలు కూడా పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. తినే సరుకు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు ఉండాలి. జీఎస్టీ సంగతి తెలిసిన ఆడిటర్‌ను ముందే అడగాలి.

ఇక డబ్బు. మొదటి రోజే పేమెంట్ గేట్‌వే అక్కర లేదు. సంఘం కరెంటు ఖాతాకు యూపీఐ క్యూఆర్ కోడ్ తీసుకుంటే మొదలుపెట్టొచ్చు. 2020 జనవరి నుంచి బ్యాంకు ఖాతాలోంచి చేసే యూపీఐ చెల్లింపుల మీద అమ్మేవాళ్లకు చార్జీ లేదు. ఆర్డర్లు పెరిగి కార్డులు కూడా తీసుకోవలసి వస్తే అప్పుడు గేట్‌వే చూద్దాం. దానికి పాన్, సంఘం నమోదు పత్రం, బ్యాంకు ఖాతా అడుగుతారు. మామూలుగా 2 శాతం దాకా తీసుకుంటారు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే వెయ్యి రూపాయల అమ్మకానికి 23 రూపాయల 60 పైసలు. డబ్బు కూడా వెంటనే కాదు, ఒకటి రెండు రోజులకు ఖాతాలో పడుతుంది. ధర కట్టేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి.

అధ్యక్షుడి సొంత ఫోన్‌పేకు డబ్బు వేయించుకోవడం మాత్రం వద్దు. అతను ఎంత మంచివాడైనా వద్దు. రేపు లెక్క అడిగితే మాట వస్తుంది, సంఘం చీలుతుంది, ఆదాయం అతని పేరు మీద కనపడుతుంది.

మోసాల సంగతి కూడా ఇంటింటికీ చెప్పాలి. డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర లేదు. పిన్ అడిగారంటే మన డబ్బు పోతుందన్నమాట. పంపించామని చూపే స్క్రీన్‌షాట్ డబ్బు కాదు. ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే పార్సిల్ కట్టాలి. మోసపోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

వెబ్‌సైట్ పెట్టగానే గిరాకీ రాదు. మొదటి గిరాకీ ఉప్పల్, బోడుప్పల్‌లలో ఉంటున్న మన ఊరివాళ్లే. ముందు యాభై ఇళ్లకు వాట్సాప్‌లో అమ్మి చూద్దాం. ఆర్టీసీ 2020 నుంచి పార్సిళ్లు మోస్తోంది, దాన్ని వాడుకుందాం. తూకం, నాణ్యత, మాట ఈ మూడూ నిలబడితే అప్పుడు సైట్ కట్టుకుందాం.

ప్రభుత్వానికీ ఒక మాట. పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెడతామని కేంద్రం 2020లో పథకం తెచ్చింది. సంఘం కాగితం మీద ఉంటే సరిపోదు. మండలానికొక ఆరబోత కల్లం, కారం మర, ప్యాకింగ్ గది, తెలుగులో శిక్షణ కావాలి. ఆన్‌లైన్‌లో అమ్ముకోండని చెప్పి కొనుగోలు కేంద్రాల బాధ్యత నుంచి తప్పుకుంటే ఒప్పుకునేది లేదు. వెబ్‌సైట్ మన సరుకులో కొంతకు దారి చూపుతుందే తప్ప మద్దతు ధరకు బదులు కాదు.

వచ్చే గ్రామ సమావేశాల్లో ఈ విషయం చర్చకు పెట్టండి. ఏ సరుకు, ఎంత మంది, ఎవరి పూచీ అన్నది తేల్చండి. సైట్ కట్టేవాళ్లను ఆ తర్వాతే పిలుద్దాం.