పండుగప్ప కోసం నడుం విరగ్గొట్టుకోవాలా?

పోయిన దసరా సెలవుల్లో ఒక రాత్రి తెనాలిలో అన్నం కలుపుకుందామంటే కుడిచేతి వేళ్లు ముడుచుకోలేదు. స్పూను తెచ్చుకుని తిన్నాను. "ఆఫీసులో చేసింది చాలక సెలవుల్లో కూడా ఇదేం పనిరా నాయనా?" అంది అమ్మ. నా దగ్గర సమాధానం లేదు. అప్పట్నుంచీ ఆలోచిస్తే తేలిందే ఇది.

నాకు గాలం పిచ్చి. హైదరాబాదులో వారమంతా కుర్చీకి అతుక్కుని, రెండు మూడు నెలలకోసారి ఊరొచ్చి, మా అత్త కొడుకుని వెంటబెట్టుకుని రేపల్లె వైపు కృష్ణ పాయల దగ్గరికి పోతాను. అక్కడ దొరికే చేపల్లో రాజు పండుగప్ప. అమెరికాలో మనవాళ్లు బాస్ ఫిషింగ్ అంటూ ఫొటోలు పెడతారే, ఆ చేప వేరు. మన పండుగప్పని ఏషియన్ సీ బాస్ అంటారు, ఆస్ట్రేలియాలో అయితే బారమండి. ఉప్పునీరూ మంచినీరూ కలిసేచోట తిరుగుతుంది. గాలానికి తగిలితే నీళ్లపైకి ఎగిరి తల విదిలిస్తుంది చూడండి, ఆ ఒక్క విదిలింపు కోసమే ఈ తిప్పలన్నీ.

ఆ రోజు తెల్లవారుజామున 4కి బండి మీద బయలుదేరాం. సాయంత్రం 5 దాకా విసురుతూనే ఉన్నాను. నిమిషానికి ఒక్క విసురు వేసుకున్నా గంటకు 60. మధ్యలో ఆగినవి తీసేసినా ఐదువందలకు తగ్గదు. దొరికింది రెండున్నర కిలోల చేప ఒకటి. తిరిగొస్తుంటే భట్టిప్రోలు దాటాక ఒక్క క్షణం కళ్లు మూతపడ్డాయి. బండి రోడ్డు దిగి మట్టిలోకి పోయింది. వెనక కూర్చున్న బావ వీపు మీద ఒక్కటి చరిచాడు కాబట్టి బతికాం. ఇంకాస్త పోతే పంటకాలువే.

మన గాలం మిత్రులకి ఇలాంటివి చెబితే నవ్వుతారు. "పన్నెండు గంటలు నిలబడ్డా" అని చెప్పుకోవడం మనకో గొప్ప. రిలీజు ముందు మూడు రాత్రులు నిద్రపోలేదని చెప్పుకుంటాం కదా, అచ్చం అలాగే. నేనూ ఆ బాపతే. కానీ అలసటని ఓర్చుకోవడం వేటలో నైపుణ్యమేమీ కాదనీ, తగ్గించుకోవడమే నైపుణ్యమనీ ఇప్పుడు నా అభిప్రాయం.

ఇది నాకు ముందు చెప్పింది పుస్తకం కాదు. ఆ రోజు పక్కన వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన. "పొద్దుట్నించీ చూస్తన్నా అబ్బాయ్, నీళ్లు నిలబడ్డప్పుడు కూడా ఇసురుతానే ఉన్నావ్. చేప తినే యేళ చూసుకోవా?" అన్నాడు. "మీరూ రోజంతా ఇక్కడే ఉంటారుగా బాబాయ్" అన్నాను. "ఉంటాం. రేపు కూడా రావాలిగా. ఇయ్యాళే ఒళ్లంతా ఖర్చుపెడితే ఎట్టా?" అన్నాడు.

ఆయన మాటలో లెక్క ఉంది. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఇవాళ్టి వేళ రేపటికి దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీటి ఉరవడి ఎక్కువ. నీళ్లు కదిలేటప్పుడు రొయ్యలూ చిన్న చేపలూ కొట్టుకొస్తాయి, పండుగప్ప కాచుకుని తింటుంది. నీళ్లు నిలబడితే చాలావరకు దానికీ విశ్రాంతే. అంటే పది గంటల్లో నిజంగా పనికొచ్చేవి మూడో నాలుగో. మిగతా వేళ నీడన పడుకుంటే పోయేదేమీ లేదు. నేను గడియారం చూసి వేటాడాను, ఆయన నీళ్లు చూసి వేటాడాడు.

ఇక చేతి సంగతి. మనం వారమంతా మౌసు పట్టేదీ, శనివారం గాలం విసిరేదీ అదే మణికట్టుతో. మోచేతి బయటివైపు నొప్పి మొదలైందంటే సోమవారం కీబోర్డు దగ్గర కూడా అదే వెంటాడుతుంది. నేను మార్చుకున్నవి ఇవి: బరువు కడ్డీ వదిలేసి, రీలు బిగించాక పట్టుకునే చోట త్రాసులా తూగేది తీసుకున్నాను. ముందుభాగం బరువైతే ప్రతి నిమిషం ఆ బరువు మోసేది మణికట్టే. మోచెయ్యి పక్కటెముకలకు దగ్గరగా ఉంచి రెండు చేతులతో విసురుతాను. నీళ్లలో లోతుకు దిగి గట్టిగా లాగే ప్లాస్టిక్ చేప కాసేపు వాడితే, తర్వాత కాసేపు మెత్తటి రబ్బరు ఎర. రీలు బిగింపు దారం బలంలో మూడో వంతుకు మించనివ్వను. అప్పుడు చేప లాగితే దారం జారుతుంది, భుజం ఊడిరాదు.

ఎండ విషయంలో మనకి ఇంకో చిక్కుంది. సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. గాలి తగులుతోంది కదా అని మోసపోతాం. తలనొప్పి, కండరాలు పట్టేయడం మొదలైతే అదే హెచ్చరిక. మాట తడబడితే మాత్రం ఇక వేట గురించి మర్చిపోయి, మనిషిని నీడకు చేర్చి ఒళ్లు తడిపి ఆసుపత్రికి పోవాల్సిందే. పూర్తి చేతుల నూలు చొక్కా, తలకు తడి తువ్వాలు, ఉప్పేసిన మజ్జిగ చాలావరకు కాపాడతాయి. బాగా చెమట పోస్తే ఓఆర్ఎస్ పొడి, పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలుపుకోండి. డబ్బాల్లో దొరికే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కావు. ఆ పేరు అలా వాడకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. దాని వెనక హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారి పోరాటం ఉంది.

బాపట్ల పోయి సూర్యలంకలో విసిరేవాళ్లకి ఇంకో మాట. పొడి ఇసకలో నడక పిక్కల్ని తినేస్తుంది, తడిసి గట్టిపడ్డ ఇసక మీద నడవండి. అలసిపోయాక మాత్రం నీళ్లలోకి దిగొద్దు. అక్కడ మునిగిపోయిన వాళ్ల వార్తలు ఎన్నిసార్లు చదవలేదు మనం? కొత్తగా నేర్చుకునేవాళ్లు తెనాలి కాలువ గట్టున చెట్టు నీడలో గంటసేపు కొర్రమేనుతో మొదలుపెడితే చెయ్యి అలవాటు పడుతుంది (కాలువలు కట్టేయని నెలల్లో లెండి).

"కష్టం లేకపోతే మజా ఏముంది, జాలర్లు రోజూ పడట్లేదా?" అంటాడు మా బావ. పడుతున్నారు. కానీ వాళ్లు వల నలుగురు కలిసి లాగుతారు, వంతులేసుకుంటారు. అయినా నడుంనొప్పులు వాళ్లకీ ఉన్నాయి. వాళ్లది బతుకుతెరువు, మానుకునే వీలు లేదు. మనకి ఉంది. ఉండి కూడా ఒళ్లు పాడుచేసుకోవడం వాళ్ల కష్టానికి గౌరవం అనిపించుకోదు.

దసరా తర్వాత మూడుసార్లు వెళ్లాను. బండి మానేసి తెనాలి నుంచి రేపల్లె రైలెక్కాను. ఒక్క పోటు చూసుకుని వేటాడి, మధ్యాహ్నం చెట్టుకింద నిద్రపోయి, తిరుగు రైల్లో కునికాను. రైలుకి తోవ తప్పే భయం లేదు కదా. చేపలు పెరిగాయా అంటే, లేదు. మూడుసార్లకీ కలిపి రెండే, ఒకసారి ఖాళీ చేతులే. కానీ మూడుసార్లూ రాత్రి అన్నం చేత్తోనే కలుపుకుని తిన్నాను. అమ్మ ఏమీ అనలేదు, పులుసు ఇంకో గరిటె వేసింది.

మీలో గాలం పట్టేవాళ్లుంటే, తిరుగు ప్రయాణంలో బండి ఎవరు నడుపుతారో బయలుదేరే ముందే తేల్చుకోండి. మిగతావన్నీ తర్వాత.