ప్రయాణంలో ఒక్క పూటైనా కుదురుగా కూర్చుని తిందాం

మా ఇండ్లలో ప్రయాణం ముందురోజు రాత్రే మొదలయ్యేది. పులిహోరకి చింతపండు పులుసు ఉడికే వాసన, పెరుగన్నం పులవకుండా పాలు కలిపే అమ్మ, ఊరగాయని చిన్న డబ్బాలోకి తీసే అవ్వ. తిరుపతికి పోయినా, ధర్మస్థలకి పోయినా, చుట్టాల పెండ్లికి పోయినా సద్దిమూట లేకుండా గడప దాటింది లేదు. కేజీఎఫ్‌లో పెరిగిన తెలుగువాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. బయట తినేది డబ్బుకి దండగ, ఒంటికి చేటు. ఇదే మా పెద్దల లెక్క.

ఆ సద్దిమూటని మేము తక్కువ చేయడం లేదు. గని జీతాల మీద నలుగురు పిల్లల్ని సాకిన ఇండ్లు అవి. అయితే ఇప్పుడు మా అభిప్రాయం ఒకటుంది. ఇంటిల్లిపాదీ కలిసి ఊరికి పోయినప్పుడు ఒక్క పూట, అదీ మధ్యాహ్నం పూట, మంచి చోట కూర్చుని, ఎవరో వడ్డిస్తే తినాలి. అది ఆడంబరం కాదు. పెద్దవాళ్లకి మనం బాకీపడిన పూట అది.

ఈ మాట ఎందుకు అంటున్నామో చెప్తాము. ఆ మధ్య మైసూరుకి పోయినాము. నాయన, అమ్మ, మేమిద్దరం, పాప. అరమనె చూసి, చాముండి కొండ దిగి వస్తూ లలితమహల్లో భోంచేద్దామని అనుకున్నాము. నాల్గవ కృష్ణరాజ ఒడెయరు వైస్రాయి బస కోసం 1921లో పునాది వేయించిన మేడ అది. లండన్ సెయింట్ పాల్స్ చర్చిని చూసి గీసిన గుమ్మటం. 1974లో హోటల్ అయింది. ఒకప్పుడు దొరలు నాట్యమాడిన హాలులోనే భోజనాల బల్లలు వేసినారు. పైన రంగుటద్దాల కప్పు.

గేటు దగ్గరే నాయన ఆగినాడు. "ఏం రా, మనల్ని లోపలికి పోనిస్తారా?" అన్నాడు.

మాకు నవ్వు రాలేదు. నాయన గనిలో పని చేసిన మనిషి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేదాకా, ఇరవై ఆరేండ్లు, మధ్యాహ్నం కూడు భూమి లోపల తిన్నాడు. చెమటలో, దుమ్ములో, తలమీది దీపం వెలుగులో టిఫిన్ డబ్బా విప్పేది. ఆయన చిన్నప్పుడు దొరల క్లబ్బు కిటికీలోంచి తెల్ల గుడ్డ పరిచిన బల్లలు కనపడేవంట. తాత అక్కడికి మూట మోసుకుపోయినా గుమ్మం బయటే దించి రావల్ల. ఆ గేటు నాయన మనసులో ఇంకా మూసే ఉంది.

నిజం చెప్పాలంటే ఆ రోజు భయం మాకే ఎక్కువ. మేము పదో తరగతిదాకా చదివింది కన్నడ మాధ్యమంలో. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఇంగ్లీషు ఆఫీసుకి వచ్చినాక నేర్చుకున్నది. టీమ్ లంచ్‌లకి పోయినప్పుడల్లా పక్కవాడు ఏ చెంచా ఎత్తుతాడా అని చూసి ఎత్తినవాళ్లం. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టేది మా పని. ఇట్లాంటి చోట మా తప్పు ఎవరు పడతారో అని గుబులు.

మెనూ పుస్తకం వచ్చింది. మేము దాన్ని తిప్పుతా ఉండగానే నాయన తల ఎత్తి, "ఏనప్పా, ఊటక్కె ఏనిదె?" అని అడిగేసినాడు. ఆ పిల్లోడు వంగి, ఏమేమి ఉందో ఒక్కొక్కటే కన్నడలో చెప్పినాడు. ఏది కారం, పాపకి ఏది బాగుంటుంది, అదీ చెప్పినాడు. అంతే. ఇన్నేండ్లు మేము ధర ఎక్కువని కాదు, నోరు తిరగదని ఇట్లాంటి చోట్లకి పోలేదని అప్పుడు తెలిసింది. మన ఊర్ల పక్కనుండే హోటల్లో మన ఊరి మాట మాట్లాడితే ఎవరూ తక్కువగా చూడరు. చేత్తో తిన్నా చూడరు.

థాలీలు వచ్చినాయి. మొదట అమ్మకి పెట్టినారు. అమ్మ మా ముఖాలు చూసింది. ఇంట్లో అందరికీ వడ్డించినాక, మిగిలింది కలుపుకుని తినే మనిషి. రెండుసార్లు లేచి పాపకి పప్పు వేయబోయింది. రెండుసార్లూ ఆ పిల్లోడే "నేను వేస్తానమ్మా, మీరు కూర్చోండి" అని కన్నడలో అన్నాడు. ఆ పూట అమ్మ అన్నం చల్లారకముందే తినింది. మా పెండ్లయినప్పటినుంచి అట్లా చూసింది అదే మొదలు.

నాయన మాత్రం గుమ్మటమే చూస్తా ఉన్నాడు. "ఇందులో మన గని బంగారం కూడా ఉంది రా" అన్నాడు. తమాషాకే అన్నాడు కానీ అందులో నిజం లేకపోలేదు. కేజీఎఫ్ గనులు మైసూరు సంస్థానానికి ఏటేటా రాయల్టీ కట్టినాయి. 1902లో శివనసముద్రం కరెంటు తీగలు మొదట పోయింది మా గనులకే. మైసూరు వైభవంలో మా తాతల చెమట ఎంతో కొంత ఉంది. అట్లాంటప్పుడు ఆ హాలులో ఒక పూట కూర్చునే హక్కు మాకు లేదా?

ఇంక ఖర్చు మాట. ఐదుగురి భోజనం బిల్లు ఆ రాత్రి మేము లాడ్జి గదులకి కట్టినదానికన్నా తక్కువే. మధ్యాహ్నమే పోవల్ల, రాత్రి కాదు. పగలు హోటల్లో దిగినవాళ్లు ఊరు చూడను పోతారు, బల్లలు ఖాళీగా ఉంటాయి. వంటవాళ్లకి జీతం ఎట్లాగూ ఇవ్వాల్సిందే. అందుకే చాలాచోట్ల మధ్యాహ్నం థాలీ, సెట్ లంచ్ అని ఒకే ధరకి పెడతారు. రాత్రి అదే బల్ల దగ్గర విడివిడిగా తెప్పించుకుంటే బిల్లు ఎక్కడికో పోతుంది.

పోయేముందు ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి. మధ్యాహ్నం ఒకే ధర భోజనం ఉందా, పిల్లలకి ఎంత, పన్ను కలిపి చెప్తున్నారా. మామూలు హోటల్లో జీఎస్టీ 5 శాతం. రోజుకి 7,500 రూపాయలకి మించిన గదులుండే హోటళ్లలో భోజనం మీద 18 శాతం. ఐదుగురికి ఈ తేడా చిన్నది కాదు. ఇంకొకటి, సర్వీస్ ఛార్జి. అడగకుండా బిల్లులో కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఇంకో ఊర్లో ఒక పెద్ద హోటల్లో మాకు కలిపినారు. తీసేయమని నెమ్మదిగా అడిగితే తీసేసినారు. బాగా చూసుకున్న పిల్లోడి చేతికి మనమే ఇచ్చేది వేరే మాట.

దీనికి అడ్డుమాటలు ఉన్నాయి. మా చిన్నాయనే అన్నాడు, "ఆ దుడ్డుతో ఇంట్లో వారం వండుకోవచ్చు కదరా" అని. వండుకోవచ్చు. అయితే ఆ వారమంతా వండేది ఎవరు? అమ్మే కదా. ఇంటి రుచి రాదు అంటారు. రాదు, ఒప్పుకుంటాము. అవ్వ రోట్లో నూరిన ఊరిబిండి ఏ గుమ్మటం కిందా దొరకదు. రుచి కోసమని మేము పొమ్మనడం లేదు. మంది మెప్పు కోసం అప్పు చేసి పోవద్దండి, ఫోటోల కోసమూ పోవద్దు. మూడు పూటలూ అట్లా తినేదీ వద్దు. పొద్దున ఇడ్లీ రోడ్డు పక్కన, రాత్రికి సద్దిమూట, నడుమ ఈ ఒక్క పూట. లెక్క సరిపోతుంది.

ఇంకో మాట చెప్పి ముగిస్తాము. లలితమహల్ మెట్లెక్కేటప్పుడు నాయన మూడుసార్లు నిలబడినాడు. గని దుమ్ము ఇంకా ఊపిరిలో ఉంది. వచ్చే ఏడు, జీతం పెరిగినాక, పాప పెద్దదైనాక అని మేము పదేండ్లు వాయిదా వేసినాము. ఆ పదేండ్లలో అవ్వ పోయింది. అవ్వకి ఒక్క పూట కూడా అట్లా పెట్టలేకపోయినాము.

హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఉండే మనవాళ్లకి మేము చెప్పేది ఇదే. మీ ఊరి దగ్గర్లోనే ఒకప్పుడు మన తాతలు బయట నిలబడిన గుమ్మం ఒకటి ఉండే ఉంటుంది. ఇప్పుడు దాని తలుపు తెరిచే ఉంది, మధ్యాహ్నం పూట ధర కూడా మన చేతికి అందేదే. మీ పెద్దవాళ్లు మెట్లెక్కగలిగినప్పుడే పిలుచుకుపోండి.