సంతకం వార్డెన్‌ది, చెయ్యి మన పిల్లది

9,543 ఫారాలు. వాటిలో 2,763 ఫారాల మీద అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకం పెట్టారు. ఇంకో 1,948 మీద వేలిముద్రలు. ఎవరో గిట్టనివాళ్లు చెప్పిన లెక్కలనుకునేరు, 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో రాసినవి ఇవి. చోటు కూడా మనకు తెలిసిందే: అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు.

చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు కాబట్టి కాస్త చెప్తాను. 2009 జూలైలో మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు మూడు డోసులు. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. ఖమ్మంలో దాదాపు 14 వేల మంది పిల్లలకు, గుజరాత్‌లోని వడోదరలో దాదాపు 10 వేల మందికి వేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. మహిళా ఆరోగ్య సంఘాలు ఊళ్లు తిరిగి గొడవ చేశాక, 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేసింది. పాముకాటు, నీళ్లలో మునగడం, పురుగుమందు, జ్వరం... చావులకు టీకాతో సంబంధం లేదని ప్రభుత్వ విచారణ తేల్చింది. టీకాయే చంపిందని నేనూ అనను, ఆధారం లేని మాట మనకే చేటు. కానీ టీకా వేశాక పిల్లలకు ఏమవుతుందో సరిగా కనిపెట్టుకునే ఏర్పాటే లేదని అదే నివేదిక రాసింది. చూసే కన్నే లేనప్పుడు ఏమీ కనబడలేదంటే ఎంతవరకు నమ్మాలి?

ఆ నివేదికలో అందరూ దాటేసే మాట ఇంకొకటి ఉంది, అసలు నేను రాయాలనుకున్నది దాని గురించే. పాత్‌తో ఐసీఎంఆర్ ఒప్పందం రాసుకున్నది 2007 ఫిబ్రవరిలో. మన దేశంలో ఆ టీకాకు అనుమతి వచ్చింది 2008లో. అంటే అనుమతి రాకముందే, ఇది మనకు అవసరమా కాదా అని స్వతంత్రంగా ఎవరూ తేల్చకముందే, జాతీయ టీకా కార్యక్రమంలోకి దీన్ని తెచ్చే పనికి ఐసీఎంఆర్ మాట ఇచ్చేసిందా అని స్థాయీ సంఘం నిలదీసింది. పెళ్లిచూపులు కాకుండానే లగ్గం పెట్టుకున్నట్టు.

ఆ తేల్చే పని ఎవరిది? ఎన్‌టాగిది. నేషనల్ టెక్నికల్ అడ్వైజరీ గ్రూప్ ఆన్ ఇమ్యునైజేషన్ అన్నది పూర్తి పేరు, 2001లో ఏర్పడింది. డాక్టర్లు, శాస్త్రవేత్తలు, పై అధికారులు ఉంటారు. కింద ఒక సాంకేతిక ఉపసంఘం కూర్చుని జబ్బు ఎంత ఉంది, టీకా ఎంత పనిచేస్తుంది, ప్రమాదం ఎంత, ఖర్చెంత అని చూస్తుంది. దాని మాట ఎన్‌టాగికి, అక్కడి నుంచి ఆరోగ్య శాఖకు పోతుంది. ఇచ్చేది సలహా మాత్రమే. ఇంగ్లండ్‌లో అయితే అక్కడి టీకాల కమిటీ సిఫారసును అమలు చేయడం 2009 నుంచి చట్టప్రకారం మంత్రి బాధ్యత. ఇక్కడ అదేం లేదు, నిర్ణయం సర్కారుదే. 2021లో కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువు 12–16 వారాలకు పెంచినప్పుడు కమిటీ సలహా అన్నారు. ఆ తర్వాతి నెలలోనే ఆ కమిటీలోని కొందరు, అంత గడువుకు మేం ఒప్పుకోలేదని రాయిటర్స్‌కు చెప్పారు. విలేకరులు అడగకపోతే ఆ ముక్క మనదాకా వచ్చేదే కాదు.

కమిటీలు ఉండొద్దని నేనడం లేదు. ఏ టీకా వేయాలో మంత్రిగారి మూడ్‌ని బట్టి తేలడం కంటే పదిమంది చదువుకున్నవాళ్లు ముందు కాగితాలు పెట్టుకుని వాదించుకోవడం వెయ్యి రెట్లు నయం. కాకపోతే ఆ కాగితాల మీద మనం ఉంటామా? జబ్బు లెక్క రావాలంటే పరీక్ష జరగాలి. పరీక్ష జరగాలంటే దవాఖానా ఉండాలి. 2016లో మల్కన్‌గిరిలో నెలల తరబడి ఆదివాసీ పిల్లలు దాదాపు వందమంది పోయారు. మెదడువాపు అన్నారు, కసివింద గింజల విషం అన్నారు. అక్కడ మెదడువాపు టీకా పెద్ద ఎత్తున వేసింది ఆ చావుల తర్వాతే. గుత్తికోయ పల్లెలో జ్వరమొచ్చి పోయిన పిల్లను ఏ రిజిస్టర్లో రాశారు? రాయని చావు ఢిల్లీ బల్ల దాకా ఎలా పోతుంది?

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, అదే హెచ్‌పీవీ టీకాను జాతీయ కార్యక్రమంలో పెట్టమని 2022లో ఎన్‌టాగి సిఫారసు చేసింది. ఈ మధ్యలో శాస్త్రం కూడా ముందుకు నడిచింది. ప్రపంచవ్యాప్తంగా కోట్ల మందికి వేశారు, ఒక్క డోసు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులే 2022లో అన్నారు, పుణెలో దేశీ టీకా తయారైంది. ఒక్క 2020లోనే మన దేశంలో ఈ క్యాన్సర్‌తో 77 వేల మంది ఆడవాళ్లు పోయారని అంచనా. పరీక్షలు అందని మన అక్కలు, అత్తలే ముందు పోతారు. అందుకే "టీకా వద్దు" అని వాట్సాప్‌లో తిప్పే తమ్ముళ్లకు నా మాట: ఖమ్మం పేరు అందుకు వాడొద్దు. ఆ ఆడపిల్లలకు అన్యాయం జరిగింది అడగకుండా సూది వేసినందుకు. ఆ పేరు చెప్పి ఈ తరం పిల్లలకు రక్షణ లేకుండా చేస్తే వాళ్లకు రెండోసారి అన్యాయం చేసినట్టే.

కనుక ఆశ్రమ పాఠశాలకు టీకా టీమ్ వచ్చినప్పుడు పోయి అడగండి. ఫారం ఇంటికి పంపారా? కోయలో, కొండరెడ్ల ఇంట్లో అర్థమయ్యే మాటలో ఎవరైనా చెప్పారా? వేసిన రాత్రి పిల్లకు జ్వరమొస్తే హాస్టల్లో ఏఎన్ఎం ఉంటుందా, ఎవరికి ఫోన్ చేయాలి? టీకా తర్వాతి ఇబ్బందులను చూడటానికి జిల్లాకో కమిటీ ఉండాలి, అందులో ఎవరున్నారో కలెక్టరాఫీసులో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఎన్‌టాగి మీటింగు మినిట్స్ కూడా అలాగే అడగొచ్చు. ఇంగ్లీషులో వస్తాయి, డిగ్రీ చదివే మన పిల్లలు ఇద్దరు కూర్చుంటే ఒక ఆదివారం పని. తెలుగులో, కోయలో రెండు పేజీలు రాసి సంతలో పంచండి.

ఫారం మీద సంతకానికి తొందరపెడితే, "మా అమ్మను అడిగి రేపు తెస్తా" అనమని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.