రిపేరు పుస్తకం మాకూ ఇప్పించండి

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యదర్శి గారికి,

మాది రెడ్డిగూడెం. నందిగామలో హైవే పక్కన ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాను. జగ్గయ్యపేట వైపు నుంచి సిమెంటు లారీలు, మా మామిడి తోటల ట్రాక్టర్లు, హైదరాబాదు విజయవాడల మధ్య తిరిగే కార్లు నా షెడ్డుకు వస్తుంటాయి. ఈ మధ్య ఒక పాత స్పోర్ట్స్ కారు వచ్చింది. దాని రిపేరులో ఎదురైన ఇబ్బంది మీ శాఖ మొదలుపెట్టి సగంలో ఉంచిన పనికి సంబంధించింది కాబట్టే ఈ ఉత్తరం నలుగురూ చదివేలా రాస్తున్నాను.

అది రెండు సీట్ల విదేశీ బండి, ఇరవై ఏళ్లు దాటింది. వెనక డిక్కీ మూత మీద, వేగం పెరిగితే లేచి, తగ్గితే దిగిపోయే స్పాయిలర్ ఉంది. అది కుడివైపు లేచి, ఎడమవైపు కదలక, వంకరగా ఇరుక్కుంది. మీటరు బోర్డులో హెచ్చరిక దీపం ఆరడం లేదు. కంపెనీ వర్క్‌షాపులో మొత్తం సెట్టు మార్చాలన్నారట. సెట్టు విదేశం నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారట.

ఇదేదో సోకు వస్తువని కొట్టేయకండి. వేగంలో గాలి కారు వెనక భాగాన్ని పైకి లేపుతుంది, వెనక టైర్ల పట్టు తగ్గుతుంది. ఆ లేపుడును తగ్గించడానికే ఈ రెక్క. 1988లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ కొరాడోకు, ఆ మరుసటి ఏడాది పోర్షే 911లో 964 తరానికి ఇలా తనంతట తాను లేచే రెక్క పెట్టారు. 964 ఇంజను గాలితో చల్లబడేది కాబట్టి, రెక్క లేస్తే ఇంజనుకూ గాలి బాగా అందేది. ఆడి టీటీ 1998లో వెనక రెక్క లేకుండానే వచ్చింది. జర్మనీ రహదారుల మీద అతివేగంలో ప్రమాదాలు జరిగాక కంపెనీ ఆ కార్లను వెనక్కి పిలిపించి స్పాయిలర్ బిగించింది.

ఇక రిపేరు సంగతి. ముందు ఫ్యూజు చూశాను, బాగుంది. వేగంతో పని లేకుండా రెక్కను లేపే బటన్ ఒకటి డ్రైవరు కాళ్ల దగ్గర ఫ్యూజు పెట్టె పక్కన ఉంటుంది. నొక్కితే మోటారు తిరిగింది. అంటే రిలే, మోటారు, అర్తు పనిచేస్తున్నట్టే. మోటారు పలకకపోతే దారి వేరు. దాని ప్లగ్గు దగ్గరికి పన్నెండు వోల్టులు వస్తున్నాయా చూడాలి, అదీ లోడు మీద చూడాలి. అర్తు తుప్పుపట్టి ఉంటే ఖాళీగా ఉన్నప్పుడు మీటరు పన్నెండే చూపిస్తుంది, మోటారు తిరగబోయేసరికి వోల్టేజి పడిపోతుంది. డిక్కీ కీలు దగ్గర మడతపడే వైర్లనూ నమ్మకూడదు, పైతొడుగు బాగానే కనిపిస్తూ లోపల రాగి తెగి ఉంటుంది. బటన్‌తో లేచే రెక్క రోడ్డు మీద లేవడం లేదంటే స్పీడు సిగ్నల్ అందడం లేదని అర్థం.

ఈ బండిలో మోటారు తిరుగుతోంది, ఒక వైపే లేస్తోంది. మధ్యలో ఒక మోటారు, దానికి రెండు వైపులా తిరిగే కేబుళ్లు, వాటి చివర రెండు లిఫ్టులు. పాత లారీల స్పీడోమీటరు కేబులు ఎలా తిరుగుతుందో ఇదీ అంతే. ఎడమ కేబులు చివర నలుపలకగా ఉండాల్సిన కొస అరిగి గుండ్రమైంది. లిఫ్టు విప్పితే లోపలి గ్రీజు ఎండి గట్టిపడిపోయింది. అసలు రోగం అదే. లిఫ్టు బిగుసుకుపోవడంతో భారమంతా కేబులు కొస మీద పడింది. గ్రీజు కడగకుండా కేబులు ఒక్కటే మారిస్తే కొత్త కొస కూడా అరిగిపోతుంది.

గ్రీజు ఎందుకు ఎండిందో కూడా చెప్పాలి. ఈ కారు రెక్క తనంతట తాను లేచేది గంటకు 120 కిలోమీటర్ల దగ్గర. మా ముందున్న 65వ నంబరు జాతీయ రహదారి లాంటి నాలుగు వరసల రోడ్ల మీద 2018 నోటిఫికేషన్ ప్రకారం కార్ల గరిష్ఠ వేగం 100. చట్టప్రకారం నడిపే మనిషి కారులో ఆ రెక్క ఏళ్ల తరబడి కదలదు. ఇలాంటి బండి ఉన్నవాళ్లు వారానికొకసారి బటన్ నొక్కి రెక్కను లేపి దించితే చాలు, లిఫ్టులు బిగుసుకోవు. ఇంత చిన్న జాగ్రత్త ఆ యజమానికి ఎవరూ చెప్పలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో చేయితిరిగిన పనివాడు కేబులు కొత్తగా తయారుచేసి, కొసను నలుపలకగా నొక్కి ఇచ్చాడు. మిగిలిందే కష్టమైంది. రెండు లిఫ్టులూ ఒకే ఎత్తులో పెట్టి కేబుళ్లు బిగించాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా రెక్క మళ్లీ వాలి ఇరుక్కుంటుంది. లిఫ్టులు ఎక్కడ నిలపాలో, ఏ పిన్నుకు ఏ వైరో కంపెనీ రిపేరు పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం మాలాంటివాళ్లకు అమ్మరు. కేబులు విడిగా అమ్మరు. రెక్క చివరికి సరిగానే లేచింది కానీ, కొలత పట్టుకోవడానికే పనిలో ఎక్కువ సమయం పోయింది.

ఈ అన్యాయం కొత్తగా బయటపడింది కాదు. విడిభాగాలు, రిపేరు సమాచారం, స్కానింగ్ పరికరాలు బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ తర్వాత వ్యవహారం అప్పీళ్లకెక్కింది. 2022 జూలైలో మీ శాఖే మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. సెల్‌ఫోన్లు, ఇంటి ఎలక్ట్రానిక్ సామాన్లతో పాటు వ్యవసాయ పరికరాలు, మోటారు వాహనాలు కూడా దాని పరిధిలో ఉన్నాయని చదివి సంతోషించాను. ఆ డిసెంబరులో ఆ హక్కు కోసం పోర్టల్ కూడా తెరిచారు. కానీ వస్తువు ఎంత సులువుగా రిపేరవుతుందో చెప్పే మరమ్మతు సూచీ మీద 2025లో మీకు అందిన నివేదిక మొబైల్, ఎలక్ట్రానిక్స్ రంగం గురించి. వాహనాలు, ట్రాక్టర్లు వెనకబడ్డాయి.

బయటివాళ్ల చేతికి సమాచారమిస్తే భద్రతకు ముప్పని కంపెనీలు అంటాయి. ఇరవై ఏళ్ల బండి ఎలాగూ బయటి షెడ్డుకే వస్తుంది. పుస్తకం లేకపోతే అక్కడ ఊహ మీద పని జరుగుతుంది, ముప్పు అందులోనే ఉంది. అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రం 2012లోనే కార్ల రిపేరు సమాచారం బయటి షాపులకు కూడా ఇవ్వాలని చట్టం చేసింది. ఇక్కడ కూడా చేయవచ్చు.

స్పోర్ట్స్ కారున్నవాళ్లు మా చుట్టుపక్కల ఎక్కువమంది ఉండరు. ట్రాక్టరున్నవాళ్లు ఊరూరా ఉన్నారు. మామిడి పూతకు మందు కొట్టే రోజుల్లో ఒక సెన్సారు పోయి ట్రాక్టరు ఆగితే, వైరింగు బొమ్మ లేక మేం వెతుక్కుంటుంటే, రైతుకు పూత పోతుంది. మాకు ఏదీ ఉచితంగా వద్దు. ధర పెట్టండి, కొనుక్కుంటాం. సూచీని వాహనాలకు, ట్రాక్టర్లకు విస్తరించండి. అరిగిపోయే కేబులు, గేరు, బుష్ లాంటివి సెట్టుగానే కాక విడిగా కూడా అమ్మాలని, మోడల్ ఆగిపోయాక దాని వైరింగు బొమ్మలు, రిపేరు పుస్తకాలు అందరికీ దొరకాలని నియమం పెట్టండి. ఐటీఐలో చదివి వచ్చే పిల్లలు వాటిని చూసి పని నేర్చుకునేలా తెలుగులోనూ వేయించండి.

ఇట్లు,
రెడ్డిగూడెం ఆటో ఎలక్ట్రీషియన్