మహాసభ ప్రక్కన సామాన్యుల సభ

పెద్ద రాజకీయ పక్షాల మహాసభలు మన పట్టణాలలో జరిగినప్పుడు యువజనులు సాధారణంగా రెండు త్రోవలు పడతారు. కొందరు లారీలెక్కి వెళ్ళి, జెండాలు మోసి, చప్పట్లు చరిచి తిరిగి వస్తారు. మరికొందరు ‘మనకెందుకీ రాజకీయాలు’ అని తలుపులు మూసుకొంటారు. తమ మాట చెప్పుకొనే అవకాశం ఈ ఇరువురికీ లేదు. మూడవ మార్గం ఒకటి ఉన్నది. మహాసభ జరిగే ఊరిలోనే, ఆ రోజులలోనే, సామాన్యులు తమ సభను తాము జరుపుకోవడం. ఇది కొత్త ఊహ కాదు. మన జాతీయోద్యమ చరిత్రలోనే ఇందుకు గట్టి నిదర్శనాలు ఉన్నాయి.

1936 ఏప్రిల్‌లో జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన లక్నోలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. దేశం నలుమూలల నుండి ప్రతినిధులు ఆ నగరానికి చేరిన ఆ రోజులలోనే మరి రెండు సభలు అక్కడ జరిగాయి. ఒకటి ప్రేమ్‌చంద్ అధ్యక్షత వహించిన అభ్యుదయ రచయితల ప్రథమ మహాసభ. ఉర్దూ రచయిత సజ్జాద్ జహీర్ దానికి సారథులలో ముఖ్యులు. రెండవది స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షతన వెలసిన అఖిల భారత కిసాన్ సభ. మన నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి. రంగా దాని ప్రధాన కార్యదర్శి. రచయితల సభ నాటిన విత్తనం 1943లో తెనాలిలో మొలకెత్తింది. తాపీ ధర్మారావుగారి అధ్యక్షతన అభ్యుదయ రచయితల సంఘం ప్రథమ మహాసభ అక్కడ జరిగింది. ఉర్దూ, తెలుగు రెండింటినీ ఆదరించే మన కళాశాలకు ఈ బాంధవ్యం గర్వకారణం.

అయితే ప్రక్కన సభ పెట్టినంత మాత్రాన పని నెరవేరదు. నిలబడడానికి సొంత చోటు కావాలి. 1887లో మద్రాసులో బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతన కాంగ్రెస్ జరిగినప్పుడు, రానడే, రఘునాథరావు ప్రభృతులు సంఘ సంస్కరణ కోసం జాతీయ సాంఘిక మహాసభను ప్రారంభించారు. తరువాతి సంవత్సరాలలో కాంగ్రెస్ పందిరిలోనే ఆ సభ జరుపుకొనే ఆనవాయితీ ఏర్పడింది. 1895లో పూనాలో సంస్కరణ గిట్టనివారు ఆ పందిరి ఇవ్వరాదని పట్టుబట్టారు. సాంఘిక మహాసభ వేరొక చోటికి తరలవలసి వచ్చింది. ఎరవు పందిరిలో చెప్పే మాటకు భద్రత లేదని దీనివల్ల తెలుస్తున్నది. కాని వేరుపడిన తరువాత ఆ సభ నశించలేదు. 1898లో మద్రాసులో దానికి అధ్యక్షత వహించినవారు మన కందుకూరి వీరేశలింగం పంతులుగారే.

కిసాన్ సభ తన కాళ్ళపై తాను నిలిచింది. 1936 డిసెంబరులో మహారాష్ట్ర ప్రాంతంలోని ఫైజ్‌పూర్ గ్రామంలో కాంగ్రెస్ జరిగినప్పుడు, రంగాగారి అధ్యక్షతన కిసాన్ సభ కూడా అక్కడే సమావేశమయింది. మన్మాడ్ నుండి రైతులు కాలినడకన, దారిలోని గ్రామాలలో తమ కోరికలను వినిపిస్తూ అక్కడికి చేరారు. శిస్తు, కౌలు తగ్గింపును, రైతు సంఘాల హక్కును పేర్కొన్న వ్యవసాయ కార్యక్రమాన్ని కాంగ్రెస్ ఆ మహాసభలోనే ఆమోదించింది. వేదిక మీది పెద్దల దయవల్ల మాత్రమే ఇది సాధ్యమయిందని మేము అనుకోము.

‘ఇటువంటి సభలు ఐక్యతను చీల్చవా?’ అని కొందరు ప్రశ్నించవచ్చు. 1938లో హరిపురలో కాంగ్రెస్ కూడా, రైతులు సంఘటితమయ్యే హక్కును అంగీకరిస్తూనే, తన సూత్రాలకు విరుద్ధమైన కార్యకలాపాలను సమర్థించబోనని తీర్మానించింది. ఈ శంకను తేలికగా తీసివేయరాదు. కాని బాధను చెప్పుకొన్నందువల్ల వచ్చే చీలిక కంటె, దానిని విననందువల్ల వచ్చే చీలికే పెద్దది. అసలు ప్రమాదం మరొకటి ఉన్నది. ఎదుటి పక్షం సొమ్ముతో నడిచే సభ సామాన్యుల సభ అనిపించుకోదు.

కనుక విద్యార్థి మిత్రులకు మా సూచన ఇది. ఈసారి ఏ పక్షం మహాసభ మన ఊరికి వచ్చినా, అంతకు ముందే మీరు కూర్చొని మాట్లాడుకోండి. ఉపకార వేతనం ఏ నెలలో చేతికందింది, వసతి గృహంలో నీరు ఎన్ని గంటలు వచ్చింది, ఏ పాఠ్యపుస్తకం దొరకలేదు, ఏ ఊరికి బస్సు లేక ఎందరి చదువు ఆగింది అన్న వివరాలను లెక్కలతో వ్రాయండి. ఆడపిల్లల మాట కూడా అందులో చేరాలి. చందా మీలో మీరే వేసుకోండి. కోరికల పత్రాన్ని అందరి ఆమోదంతో ముగించి, ప్రతినిధులకు స్వయంగా అందజేయండి. ఆరు నెలల తరువాత వారేమి చేశారో అడగడానికి మళ్ళీ సమావేశం కండి.

కళాశాల కార్యవర్గానికి కూడా మా విన్నపం ఒకటి. ఏ పక్షం జెండా లేకుండా, అధ్యాపకుల సమక్షంలో విద్యార్థులు జరుపుకొనే ఇటువంటి చర్చకు ఒక తరగతి గది ఇవ్వండి. పౌరశాస్త్రం పుస్తకంలో నేర్పుతున్న పాఠాన్ని ఆచరణలో చూపడానికి ఇంతకంటె చౌకయిన సాధనం లేదు. అక్కడ తమ మాటను తాము వ్రాసుకోవడం నేర్చినవారిని రేపు ఎవరూ కేవలం లారీలు నింపడానికి పిలవలేరు.