షూటింగ్ స్పాట్ అయితే టూరిస్ట్ స్పాట్ అయిపోతుందా? కొండారెడ్డి బురుజు చెబుతున్న అసలు కథ ఇదీ!

కర్నూలు పేరు చెప్పగానే ఓ తరం ప్రేక్షకులకు గుర్తొచ్చేది ఒకే ఒక్క సీన్. కొండారెడ్డి బురుజు సాక్షిగా ఓబుల్ రెడ్డిని కొట్టి హీరోయిన్‌ను కాపాడే మహేష్ బాబు. 2003 సంక్రాంతికి వచ్చిన 'ఒక్కడు' తర్వాత ఆ బురుజు ఒక ల్యాండ్‌మార్క్ మాత్రమే కాదు, ఫ్యాన్స్‌కు సెల్ఫీ పాయింట్ కూడా. మరి ఇన్నేళ్లలో ఆ క్రేజ్ వల్ల కర్నూలుకు ఒరిగిందేంటి?

ఇక్కడ ఓ విచిత్రం ఉంది. అదే సినిమాలో హైదరాబాద్ సీన్ల కోసం చార్మినార్ సెట్ వేశారు. నిత్యం జనంతో కిటకిటలాడే అసలు చార్మినార్ దగ్గర రోజుల తరబడి షూటింగ్ అంటే అయ్యే పని కాదు. అందుకే నగర శివార్లలో ఆర్ట్ డైరెక్టర్ అశోక్ భారీ సెట్ నిలబెట్టారు. అంటే హైదరాబాద్ ఐకాన్ డూప్, కర్నూలు ఐకాన్ ఒరిజినల్ అన్నమాట.

సీన్ కట్ చేస్తే 2020. 'సరిలేరు నీకెవ్వరు'లో మళ్లీ అదే హీరో, మళ్లీ అదే బురుజు. కానీ ఈసారి బురుజు సెట్‌ను రామోజీ ఫిల్మ్ సిటీలో వేశారు. తెర మీద కర్నూలే కనిపించింది, షూటింగ్ ఖర్చు మాత్రం ఎక్కువ భాగం హైదరాబాద్ పక్కనే అయిపోయింది. యూనిట్ దిగే హోటళ్లు, భోజనాలు, వాహనాలు, జూనియర్ ఆర్టిస్టుల కూలీ... ఇవన్నీ షూటింగ్ ఎక్కడ జరిగితే అక్కడికే వెళ్తాయి మరి.

నిర్మాతలను తప్పు పట్టడానికీ లేదు. రక్షిత కట్టడాల దగ్గర షూటింగ్ అంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి, ఫీజు కట్టాలి, షరతులు పాటించాలి. పైగా స్టార్ హీరో వస్తున్నాడని తెలిస్తే ఊరంతా అక్కడే. ఫైట్ సీన్ తీయాలంటే సెట్టే బెటర్ అనుకోవడం సహజం.

ఇప్పుడు రెండు మ్యాప్‌లు ఊహించుకోండి. ఒకదాంట్లో సినిమాలు తీసిన చోట్లు, రెండోదాంట్లో టూరిస్టులు వెళ్లే చోట్లు. విశాఖలో ఈ రెండూ దాదాపు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. ఆర్కే బీచ్, భీమిలి, డాల్ఫిన్స్ నోస్ వైపు కొండలు. 1978లో 'మరోచరిత్ర' నుంచి ఎన్నో సినిమాలు ఆ తీరంలోనే తీశారు. కానీ జనం సినిమా చూసి వచ్చారా, సముద్రం కోసం వచ్చారా అంటే చెప్పడం కష్టం. అందంగా ఉందనే కెమెరా వెళ్లింది, అందంగా ఉందనే టూరిస్టూ వెళ్లాడు. రెండు మ్యాప్‌లు కలిశాయి కదా అని క్రెడిట్ మొత్తం సినిమాకే ఇచ్చేయలేం.

రామోజీ ఫిల్మ్ సిటీది పూర్తిగా వేరే లెక్క. అక్కడ షూటింగ్ స్పాటే టూరిస్ట్ స్పాట్. బాహుబలి మాహిష్మతి సెట్‌ను టికెట్ పెట్టి చూపిస్తున్నారు. లేని ఊరిని చూడ్డానికి బస్సులు కట్టుకుని వెళ్తున్నారంటే సినిమా పవర్ ఏంటో అర్థమవుతుంది. ఇటు నిజంగా ఉన్న బురుజు దగ్గర మాత్రం ఫొటో దిగి బండెక్కేస్తున్నారు!

అసలు లొకేషన్ ఎక్కడో ప్రేక్షకుడికి తెలియని కేసులూ ఉన్నాయి. 'నాటు నాటు' పాట కథలో జరిగేది బ్రిటిష్ కాలపు ఢిల్లీలో. తీసింది మాత్రం 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మరీన్‌స్కీ ప్యాలెస్ ముందు. కొన్ని నెలలకే అక్కడ యుద్ధం మొదలైంది. పాటకు ఆస్కార్ వచ్చేసరికి ఆ లొకేషన్ చూడ్డానికి వెళ్లే పరిస్థితే లేదు.

క్రేజ్ మరీ ఎక్కువైనా కష్టమే. క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ పాత నగరం 1979 నుంచే యునెస్కో జాబితాలో ఉంది. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' తర్వాత ఫ్యాన్స్ రద్దీ కూడా తోడైంది. ఇరుకు వీధుల్లో అడుగు తీసి అడుగు వేయలేని పరిస్థితి. చివరికి 2019 నుంచి ఒకేసారి రెండు క్రూయిజ్ షిప్పులకు మించి రాకుండా పరిమితి పెట్టుకున్నారు.

కర్నూలు సమస్య దీనికి సరిగ్గా రివర్స్. హైదరాబాద్–బెంగళూరు హైవే ఊరిని ఆనుకునే వెళ్తుంది. మంత్రాలయం, శ్రీశైలం, యాగంటి వెళ్లేవాళ్లకు ఇదే జంక్షన్. జనం వస్తారు, కానీ ఆగరు. బురుజు పేరు అందరికీ తెలుసు, బురుజు కథ తెలిసింది కొందరికే. విజయనగర కాలంలో అచ్యుత దేవరాయలు కట్టించిన కోటలో మిగిలిన భాగం ఇది. 17వ శతాబ్దంలో అలంపూర్ పాలకుడు కొండారెడ్డిని ఇక్కడే బంధించారని, అందుకే ఆ పేరు వచ్చిందని చెబుతారు. బురుజు నుంచి తుంగభద్ర కింద గద్వాల వరకు సొరంగం ఉందన్న ప్రచారం సరేసరి. సినిమా వాళ్లు వాడింది బయటి గోడనే, లోపలి కథను ఎవరూ ముట్టుకోలేదు.

ఆ కొండారెడ్డి ఊరు అలంపూర్ ఏమైనా దూరమా అంటే, అదీ కాదు. తుంగభద్ర దాటితే సుమారు పాతిక కిలోమీటర్లు. జోగులాంబ శక్తిపీఠం, చాళుక్యుల కాలం నాటి నవబ్రహ్మ ఆలయాలు అక్కడే ఉన్నాయి. పొద్దున బురుజు, మధ్యాహ్నం అలంపూర్, మధ్యలో కర్నూలులోనే భోజనం అంటూ ఒక్క రోజు ప్యాకేజీ వేయొచ్చు. చిక్కల్లా ఒక్కటే. బురుజు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, అలంపూర్ తెలంగాణలో ఉంది. రెండు రాష్ట్రాల టూరిజం శాఖలు కలిసి కూర్చుంటే తప్ప ఆ బస్సు కదలదు.